మొనాస్టర్‌బాయిస్ సిలువ, పుంగనూరు వీరగల్లు



పుంగనూరు ఆవు అంటే ఇవాళ తెలియనివాళ్ళు లేరు. మన నడుము ఎత్తు కూడా రాని ఆ చిన్న ఆవును చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. అయితే మన పడమటి మండలాల్లో పశువుకు ఉన్న విలువ ఈనాటిది కాదు. వెయ్యేళ్ళ కిందట ఈ మెట్టసీమలో మంద ఉంటేనే ఇల్లు, మంద ఉంటేనే ఊరు. పక్క రాజు మీద కత్తి కట్టాలంటే మొదట చేసే పని, వాడి ఊళ్ళ మీద పడి ఆలమందల్ని తోలుకుపోవడం. అలా పోతున్న మందకు అడ్డం నిలబడి ఎవరైనా ప్రాణం విడిస్తే, ఊరివాళ్ళు ఒక బండ తెచ్చి, దానిమీద ఆ మనిషి బొమ్మ చెక్కించి, పేరు రాయించి నిలబెట్టేవారు. అదే వీరగల్లు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద, ఊరి బయట చింతచెట్ల కింద ఈ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచే నడిచిపోతుంటాం.

ఆ రాళ్ళ దగ్గరికి వచ్చేముందు మిమ్మల్ని ఐర్లండు తీసుకువెళ్తాను. కారణం ఉంది. ఐరిష్ వాళ్ళ పాత గాథల్లో అన్నిటికంటే పెద్దది కూడా పశువుల కోసం జరిగిన యుద్ధమే. దాని పేరు తాన్ బో కూలిన్యా. పడమటి ఐర్లండును ఏలే మేవ్ అనే రాణి, తూర్పు తీరంలో ఉన్న ఒక గోధుమరంగు ఆబోతును పట్టి తేవడానికి సైన్యంతో బయలుదేరుతుంది. ఆ సైన్యానికి కూహులిన్ అనే కుర్రవాడు ఒంటరిగా అడ్డం నిలుస్తాడు. అతను చనిపోయిన కథ ఇంకోచోట వస్తుంది. ఒళ్ళంతా గాయాలైనా నేలకు ఒరగకూడదని, నిలువురాయికి తనను తాను కట్టేసుకుని, నిలబడే ప్రాణం వదిలాడట. ఆ రాయి ఇదేనని లౌత్ జిల్లాలో ఒక పొలంలో నిలువుబండను ఇప్పటికీ చూపిస్తారు. మన వీరగల్లు సంగతి తెలిసినవాళ్ళకు ఆ కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

అదే లౌత్ జిల్లాలో, పదో శతాబ్దం మొదట్లో, ఇంకో రాయి నిలిచింది. దానిమీద కూహులిన్ లేడు, ఆబోతు లేదు. ఆదాము ఉన్నాడు, హవ్వ ఉంది, దావీదు ఉన్నాడు, మోషే ఉన్నాడు, మధ్యలో ఏసుక్రీస్తు ఉన్నాడు. ఊళ్ళో ఎవరికీ చదువు రాకపోయినా బైబిలు మొత్తం కళ్ళకు కట్టేలా నిలబెట్టిన రాతి సిలువ అది. పండితులు దాన్ని మురెదక్ సిలువ అంటారు.

మదనపల్లెకు ఐర్లండు కొత్త కాదని కూడా మనవి చేస్తాను. బెసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జేమ్స్ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ 1878లో రాస్‌కామన్ జిల్లాలోని బాయిల్ అనే ఊళ్ళో పుట్టింది. ఇందాక చెప్పిన మేవ్ రాణి కోట ఉండేదని చెప్పే చోటు కూడా ఆ రాస్‌కామన్ జిల్లాలోనే ఉంది. 1915లో ఈ దంపతులు ఇండియాకు వచ్చారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ కళాశాలలోనే. దాని స్వరాన్ని కాగితం మీద పెట్టడంలో మార్గరెట్ చెయ్యి ఉంది. జేమ్స్ కజిన్స్ భారతీయ చిత్రకళ గురించి ఎంతో రాశారు, మైసూరులోనూ తిరువనంతపురంలోనూ చిత్రశాలలు ఏర్పడటానికి తోడ్పడ్డారు, చివరికి 1956లో మన మదనపల్లెలోనే కన్నుమూశారు. ఐర్లండు నుంచి వచ్చి మన కళను అంత ప్రేమగా చూసిన మనిషి ఉన్న ఊరు ఇది. వాళ్ళ దేశపు రాయిని మనం ఒక పావుగంటసేపు శ్రద్ధగా చూడటం న్యాయమే కదా.

డబ్లిన్ నుంచి ఉత్తరంగా వెళ్తే ద్రొహెడా అనే పట్టణం దాటాక మొనాస్టర్‌బాయిస్ వస్తుంది. 521 ప్రాంతంలో మరణించిన బుయిత అనే సన్యాసి స్థాపించిన మఠం అది. ఇప్పుడక్కడ పైకప్పు లేని చర్చి గోడలు, సమాధులు, ఒక గుండ్రటి ఎత్తైన గోపురం, మూడు రాతి సిలువలు మిగిలాయి. 1097లో ఆ గోపురం కాలిపోయిందని, లోపల దాచిన పుస్తకాలన్నీ దగ్ధమయ్యాయని వాళ్ళ పాత వృత్తాంతాల్లో రాసి ఉంది. తోలుమీద రాసుకున్నవి పోయాయి, రాతిమీద చెక్కుకున్నవి ఉన్నాయి.

మురెదక్ సిలువ ఎత్తు సుమారు 18 అడుగులు. ఇసుకరాయి. నిలువు కంబం, అడ్డ చేతులు, ఆ రెండూ కలిసేచోట చుట్టూ ఒక రాతి వలయం, నెత్తిన చిన్న ఇంటి ఆకారం, ఆ ఇంటికి పెంకులు పేర్చినట్టున్న వాలు కప్పు. ఐరిష్ సిలువను చూడగానే గుర్తుపట్టేది ఆ వలయం వల్లే. బరువైన అడ్డ చేతులు విరగకుండా ఆనికగా పెట్టారని కొందరు, క్రీస్తు విజయానికి వేసిన పూలదండ అని కొందరు, సూర్యబింబమని కొందరు అంటారు. శిల్పికి ఈ మూడింటిలో ఒక్కటే మనసులో ఉండాలనే నియమమేమీ లేదు. మన గుళ్ళో తోరణం కూడా బరువు మోస్తుంది, శోభనూ ఇస్తుంది.

ఈ సిలువను చదవాలంటే శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్ని తలుచుకోండి. కలంకారీలో రామాయణాన్ని గళ్ళుగళ్ళుగా విడదీసి, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం గీస్తారు. ఈ కంబం మీద కూడా అలాగే పలకలున్నాయి. కాకపోతే వస్త్రాన్ని పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తాం, సిలువను కిందనుంచి పైకి చూసుకుంటూ పోవాలి.

తూర్పు ముఖంలో అడుగు పలకలో చెట్టు. కొమ్మలు పళ్ళతో వంగి ఉన్నాయి. చెట్టుకు అటు ఆదాము, ఇటు హవ్వ. అదే పలకలో, మధ్యలో గీత కూడా లేకుండా, పక్కనే కయీను తన తమ్ముడు హేబెలును కొట్టి చంపుతున్నాడు. తప్పు జరిగింది తల్లిదండ్రుల దగ్గర, నెత్తురు పడింది బిడ్డల దగ్గర. రెండు కథల్నీ ఒకే పలకలో ఇరికించిన శిల్పి ఎంత ఆలోచించాడో చూడండి. ఆ పైన దావీదు, గొల్యాతు. అంతటి భీకరుడు మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు, కుర్రవాడి చేతిలో వడిసెల. ఆ పైన మోషే బండను కర్రతో కొడుతుంటే నీళ్ళు వస్తున్నాయి, దప్పికతో ఉన్న జనం వరసలుగా కూర్చుని చూస్తున్నారు. ఆ పైన తల్లి ఒడిలో పసివాడైన ఏసు, ఎదురుగా తూర్పుదేశపు జ్ఞానులు. వీటిలో చాలాచోట్ల నలుగుతున్నవాణ్ణి దేవుడు ఆదుకున్న ఘట్టాలే కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఐర్లండు తీరాల మీద వైకింగు దండులు వచ్చి పడుతుండేవి. 795 నుంచి మొదలైన దాడులవి. మఠాలను దోచుకుని, మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయేవారు. అలాంటి కాలంలో ఈ పలకలముందు నిలబడిన రైతుకు దావీదు వడిసెల ఎంత దగ్గరగా అనిపించి ఉంటుందో ఊహించవచ్చు.

ఇంకా పైకి వెళ్తే, వలయం మధ్యలో అంత్యతీర్పు. క్రీస్తు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సిలువ, ఒక చేతిలో దండం. ఆయనకు ఒక పక్క రక్షణ పొందినవాళ్ళు, ముఖాలన్నీ ఆయనవైపే. వాళ్ళలో ఒకడు వీణలాంటి వాద్యం పట్టుకున్నాడు, అతను దావీదే అంటారు. రెండో పక్క శిక్ష పడ్డవాళ్ళు, వాళ్ళ వీపులు క్రీస్తువైపు. త్రిశూలంలాంటి ఆయుధం పట్టిన సైతాను వాళ్ళను తోలుకుపోతున్నాడు. క్రీస్తు పాదాల కింద ఒక చిన్న త్రాసు ఉంది. మిఖాయేలు దూత ఆత్మను తూస్తున్నాడు. త్రాసు కింద ఒక సైతాను వెల్లకిలా పడుకుని పళ్ళెం తనవైపు మొగ్గేటట్టు చూస్తున్నాడు. చిత్రగుప్తుడి చిట్టా సంగతి తెలిసిన మనకు ఆ త్రాసు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పడమటి ముఖంలో క్రీస్తును పట్టుకుంటున్న సైనికులు ఉన్నారు. రోమను సైనికులు కావాలి వాళ్ళు, కానీ శిల్పి చెక్కింది తన కాలపు మనుషుల్ని. పొడుగు మీసాలు, చేతుల్లో కత్తులు. మధ్యలో ఉన్న క్రీస్తు బట్టకు ఐరిష్ దొరలు పెట్టుకునే గుండ్రటి బిళ్ళపిన్ను. కథ యెరూషలేములో జరిగినా చూసేవాడు లౌత్ జిల్లావాడు, వాడికి అర్థమయ్యే వేషం వెయ్యాలి. మన తోలుబొమ్మల్లో రాముడు మన రాజుల వేషం వేసుకోడా, అదీ ఇదే. ఆ పై పలకను చాలామంది అనుమానపడిన తోమాగా చదువుతారు, క్రీస్తు పక్కలోని గాయాన్ని వేలితో తాకి చూసినవాడు. ఆ తోమానే మైలాపూరుకు వచ్చాడని మన దక్షిణాది క్రైస్తవుల నమ్మకం. ఆ పైన పేతురుకు తాళపుచెవి, పౌలుకు పుస్తకం. వలయం మధ్యలో సిలువ మీది ఏసు, ఒకవైపు బల్లెం పట్టినవాడు, ఒకవైపు పులిసిన ద్రాక్షరసం అందించేవాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది చాలామంది చూడకుండానే వెళ్ళిపోయేది. సిలువ అడ్డచేతి కింద నిలబడి తలెత్తి చూస్తే, ఆ చేతి అడుగుభాగంలో ఒక అరచెయ్యి చెక్కి ఉంది. దేవుడి కుడిచెయ్యి. ముందు నిలబడ్డవాళ్ళకు కనిపించదు, కిందికి వచ్చి తల పైకెత్తినవాడికే కనిపిస్తుంది. ఆశీర్వాదం తీసుకోవడానికి మనిషి ఎక్కడ నిలబడతాడో తెలిసిన శిల్పి చేసిన పని అది.

కంబం అడుగున, పడమటివైపు, రెండు పిల్లులు ఉన్నాయి. ఒకటి కూనను నాకుతోంది, ఇంకొకటి పిట్టను పట్టుకుంది. వాటి దగ్గరే చిన్న శాసనం. ఈ సిలువ చేయించిన మురెదక్ కోసం ప్రార్థన చేయండి అని దాని సారాంశం. 923 ప్రాంతంలో మరణించిన ఇక్కడి మఠాధిపతే ఈ మురెదక్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆ శాసనం భాష గురించి. మఠంలో చదువంతా లాటిన్, ప్రార్థన లాటిన్, పుస్తకం లాటిన్. కానీ రాతిమీద రాసింది ఐరిష్‌లో. దారినపోయే మనిషి ఆగి తనకోసం ప్రార్థించాలంటే వాడి ఇంటిభాషలో అడగాలని ఆ మఠాధిపతికి తెలుసు.

షానన్ నది ఒడ్డున క్లాన్‌మక్‌నాయిస్ మఠంలో ఇంకో గొప్ప సిలువ ఉంది. లేఖనాల సిలువ అంటారు. దానిమీద ఫ్లాన్ అనే రాజు పేరు, కోల్మన్ అనే మఠాధిపతి పేరు ఉన్నాయి. 909 ప్రాంతంలో నిలబెట్టారంటారు, ఆ ఫ్లాన్ 916లో పోయాడు. దానిమీద ఒక పలకలో ఇద్దరు మనుషులు కలిసి నేలలో ఒక గుంజ పాతుతున్నారు. రాజూ సన్యాసీ కలిసి గుడికి పునాది వేస్తున్నారని అర్థం చెబుతారు.

మూడో సిలువ గురించి చెప్పకుండా కుప్పం రాలేను. కిల్డేర్ జిల్లాలో మూన్ అనే ఊళ్ళో ఉంది. అది గ్రానైటు. మొనాస్టర్‌బాయిస్ ఇసుకరాయిలో పిల్లి మీసం కూడా చెక్కవచ్చు, గ్రానైటులో ఆ వీలు లేదు. అందుకని మూన్ శిల్పి ఏం చేశాడంటే, వివరం జోలికే పోలేదు. అడుగుపీఠం మీద పన్నెండుమంది అపొస్తలులు, నాలుగేసి మంది చొప్పున మూడు వరసలు. ఒక్కొక్కరూ ఒక చతురస్రం, దానిమీద పెద్ద తల, కింద రెండు చిన్న కాళ్ళు. అంతే. దానియేలు చుట్టూ ఏడు సింహాలు. అయిదు రొట్టెలు, రెండు చేపలు, అదే అయిదువేలమందికి అన్నం పెట్టిన కథ. చిన్నపిల్లలు గీసినట్టుంటుందని తేలిగ్గా తీసేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కఠినమైన రాయి ముందు ఏది వదిలెయ్యాలో తెలిసినవాడి చెయ్యి అది.

మన రాళ్ళూ గ్రానైటే. కుప్పం చుట్టూ క్వారీల్లో ఇవాళ మిషన్లతో కోసి లారీలకెత్తి పంపే ఆ రాయే, వెయ్యేళ్ళ కిందట మన శిల్పి ముందు ఉలికి లొంగక భీష్మించుకున్న రాయి. అందుకే పుంగనూరు, మదనపల్లె వైపు తొమ్మిది, పది శతాబ్దాల వీరగల్లుల్లో బొమ్మ సాదాగా ఉంటుంది. నగలు తక్కువ, గీత గట్టిది. మూన్ అపొస్తలుల్ని ఒకసారి చూసిన కంటికి మన వీరుడు చులకనగా కనిపించడు.

ఆ రాయిని కూడా దగ్గరికి వెళ్ళి చూద్దాం. పలుచటి పెద్ద బండ. మనిషి బొమ్మ కొంచెం పక్కకు తిరిగి, ఒక కాలు ముందుకు వేసి ఉంటుంది. జుట్టు ముడి. నడుముకు బిగించి కట్టిన గుడ్డ, అందులో దోపిన పిడిబాకు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో విల్లో డాలో. కొన్నింట్లో ఒంటికి గుచ్చుకున్న బాణాలు కూడా చెక్కారు. పక్కనో వెనకనో ఆవులు, ఏ మందకోసం పోయాడో ఆ మంద. కొన్నింట్లో పాదాల దగ్గర కొమ్ముచెంబు, ధూపపాత్ర ఉంటాయి. అవి పూజావస్తువులు. అంటే చనిపోయినవాడు ఆ ఊరికి ఆరోజునుంచీ దేవుడు. తర్వాతి కాలంలో, ముఖ్యంగా కన్నడదేశం వైపు, ఈ రాయి మూడంతస్తులైంది. అడుగున పోరు, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకువెళ్ళడం, పైన కైలాసంలో శివలింగం ముందు వీరుడు, అన్నిటికంటే పైన సూర్యచంద్రులు. దీన్నీ కిందనుంచి పైకే చదవాలి. మురెదక్ సిలువ కింద ఏదెను తోటలో మొదలై పైన తీర్పు దగ్గర ఆగినట్టే, వీరగల్లు కింద దుమ్ములో మొదలై కైలాసంలో ఆగుతుంది. ఒకరి రాయి ఒకరికి తెలియకుండా, అయిదువేల మైళ్ళ ఎడంలో, నేలనుంచి పైకి ఎక్కాలనే ఆలోచన రెండుచోట్లా వచ్చింది.

మన రాళ్ళ కాలమేదో శాసనాలే చెబుతాయి. తొమ్మిదో శతాబ్దంలో ఈ సీమ వైదుంబులది. మదనపల్లె దగ్గరి చిప్పిలి వాళ్ళ ముఖ్యమైన చోటు. అంతకుముందు రేనాటి చోళుల కాలంలోనూ పేరున్న ఊరే. గండత్రిణేత్రుడనే వైదుంబ మహారాజు పేరు ఇక్కడి వీరగల్లుల మీద కనిపిస్తుంది. దాంతోపాటు సోరెమటి అనే చోట జరిగిన యుద్ధం పేరు వస్తుంది. ఆ పోరులో వైదుంబులూ బాణులూ ఒకవైపు, నొళంబులూ గంగులూ ఇంకోవైపు. ఇప్పుడు ఆ పెద్ద రాజుల పేర్లు పరీక్షలకు చదివే పిల్లలకు తప్ప ఎవరికీ పట్టవు. కానీ ఆ యుద్ధంలో పోయిన మామూలు బంట్ల పేర్లు మన చెరువు కట్టల మీద ఉన్నాయి. 907లో తంజావూరు గద్దెనెక్కిన పరాంతక చోళుడు బాణుల్ని పెకలించాడు, వైదుంబుల్ని ఓడించాడు. క్లాన్‌మక్‌నాయిస్‌లో ఫ్లాన్ రాజు సిలువ నిలబెడుతున్న రోజులే అవి. ఒకే పదేళ్ళలో అక్కడ రాజు పేరు రాతికెక్కుతుంటే ఇక్కడ రాజ్యాలు చేతులు మారుతున్నాయి.

ఈ శాసనాలు ఏ భాషలో ఉన్నాయి? తెలుగులో, కన్నడంలో. కుప్పం వైపు వెళ్ళేకొద్దీ తమిళం కూడా కలుస్తుంది. మూడు భాషలు కలిసే నేల కదా, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడం ఎంతో సబబు. రాజు దానపత్రం రాయించుకుంటే రాగిరేకు మీద సంస్కృత శ్లోకాలు పెట్టించుకునేవాడు. కూలిపోయిన బంటు రాయిమీద మాత్రం ఊరి మాట. పక్కనే కడప సీమలో 575 ప్రాంతపు కలమళ్ళ శాసనంతో తెలుగు రాతికెక్కింది. మూడువందల ఏళ్ళు తిరిగేసరికి ఆ తెలుగు ఆవులకోసం పోయినవాడి పేరు చెప్పే స్థాయికి వచ్చింది. మురెదక్ ఐరిష్‌లో ప్రార్థన అడిగిన రోజుల్లోనే మన ఊళ్ళు తెలుగులో తమవాడి పేరు చెప్పుకున్నాయి.

వీరగల్లు శాసనంలో సాధారణంగా ఏముంటుంది? రాజెవరో, ఏ పోరో, చనిపోయినవాడు ఎవరి కొడుకో, ఎవరి బంటో, ఎలా పోయాడో. కొన్నింట్లో ఆ కుటుంబానికి ఇచ్చిన భూమి. నెత్తురు చిందించినందుకు ఇచ్చిన మాన్యం అది, కన్నడ శాసనాలు నెత్తరుగొడగె అంటాయి, తమిళ శాసనాలు ఉదిరప్పట్టి అంటాయి. చివర ఒక శాపం. దీన్ని చెడగొట్టినవాడికి వారణాసిలో గోవుల్నీ బ్రాహ్మల్నీ చంపిన పాపం తగులుతుందని. మురెదక్ ప్రార్థన అడిగాడు, మనవాళ్ళు శాపం పెట్టారు. రెండిటి వెనకా భయం ఒక్కటే, పేరు చెరిగిపోతుందేమోనని.

ఒక తేడా నన్ను కదిలిస్తుంది. ఐరిష్ సిలువల మీద మిగిలిన పేర్లు రాజులవి, మఠాధిపతులవి. కింద చేతులు కట్టుకుని నిలబడిన రైతు పేరు ఆ రాతిమీద లేదు. అతని కోసం అంత పెద్ద కథ చెక్కారు, అతని కథ మాత్రం చెక్కలేదు. మన వీరగల్లు మీద పురాణం లేదు, ఆ ఊరి మనిషే ఉన్నాడు. మందకాడ పోయినవాడు, ఊరికి అడ్డం నిలిచి పోయినవాడు. శిల్పంలో మురెదక్ సిలువ ఎంతో గొప్పది, సందేహం లేదు. మామూలు మనిషికి ఇచ్చిన చోటు విషయంలో మాత్రం నా ఓటు పుంగనూరు బండకే.

పురాణాన్ని రాతిలో చెప్పే విద్య మనకు లేక కాదు. హంపిలో హజార రామాలయం గోడల మీద రామాయణం వరసగా ఉంది. మన మదనపల్లె సీమలోనే, ములకలచెరువు దగ్గర సోంపాళ్యం చెన్నకేశవాలయం ముందు ఒకే రాతితో చెక్కిన ఎత్తైన స్తంభాన్ని, లోపలి విజయనగర కాలపు వర్ణచిత్రాలను చూసినవాళ్ళు ఒప్పుకుంటారు.

సిలువను చెక్కే విద్యా దక్షిణాదికి కొత్త కాదు. మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో పోర్చుగీసువాళ్ళకు భూమిలో దొరికిన రాతి సిలువ ఉంది. చుట్టూ పహ్లవీ లిపి, అంటే పాత పారశీకుల రాత. సిలువ కింద తామరపూవు, పైన దిగివస్తున్న పావురం. మనుషుల బొమ్మలు ఒక్కటీ లేవు. ఐర్లండులో సిలువ బైబిలు కథలన్నీ మోస్తే, మన దగ్గర అది తామరమీద నిలబడింది. పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్ళల్లో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరులోనే ఉంటూ, సన్యాసుల కట్టూబొట్టూ పాటిస్తూ బోధించారు. 1863లో అమెరికా ఆర్కాటు మిషన్ జేకబ్ చేంబర్లిన్ మదనపల్లెకు వచ్చి, 1908లో ఇక్కడే పోయారు. వాళ్ళ కాలానికి బైబిలు కథ మన పల్లెల్లో పాటగా, బోధగా వచ్చింది, రాయిగా కాదు. అందుకే మన క్రైస్తవ సోదరులకు దావీదు, దానియేలు కథలు కంఠతా వచ్చినా, వాటిని వెయ్యేళ్ళ కిందట గ్రానైటులో చెక్కిన మూన్ ఊరి సంగతి తెలియదు. తెలిస్తే ఎంత సంతోషిస్తారో.

ఐర్లండు ఆ రాళ్ళను ఎలా కాపాడుకుందో చెప్పాలి. వాళ్ళవీ ఒకప్పుడు నాచుపట్టి, ముళ్ళకంపల మధ్య ఉన్నవే. 1857లో హెన్రీ ఓనీల్ అనే చిత్రకారుడు ఊరూరా తిరిగి సిలువల బొమ్మలు గీసి పుస్తకంగా అచ్చు వేశాడు. పోతపోసిన అచ్చులు తీసి మ్యూజియంల్లో నిలబెట్టారు. 1992లో పీటర్ హార్బిసన్ దేశంలోని సిలువలన్నిటినీ మూడు సంపుటాల్లో నమోదు చేశాడు. క్లాన్‌మక్‌నాయిస్ సిలువలు వానకు అరిగిపోతున్నాయని అసలువాటిని పైకప్పు కిందికి మార్చి, బయట అదే చోట నకళ్ళు నిలబెట్టారు.

మనకూ ఆ పని మొదలైంది. 1821లో చనిపోయిన కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు కైఫీయతులూ శాసనాలూ సేకరించారు. తర్వాత ప్రభుత్వ శాసనశాఖవాళ్ళు మన తాలూకాలు తిరిగి కాగితపు అచ్చులు తీశారు. అయితే వాళ్ళ చేతికి అందని రాళ్ళు ఎన్నో. రోడ్డు వెడల్పు చేస్తే మొదట కదిలేది గట్టుమీది బండ. చెరువు కట్టకు మరమ్మతు వస్తే మట్టిలో కలిసేదీ అదే. ఇంకోవైపు భక్తితో సున్నం మీద సున్నం కొడతారు, నూనె పోస్తారు, అక్షరం పూడిపోతుంది. ఆ భక్తిని నేను తప్పు పట్టను, ఆ రాయి ఈరోజుకీ నిలబడి ఉండటానికి కారణం అదే. సున్నం కొట్టేముందు ఒక్క ఫొటో తీయమని మాత్రం వేడుకుంటాను.

ఎలా తీయాలో కూడా చెబుతాను. నడిమధ్యాహ్నం ఎండలో అరిగిన అక్షరం కనిపించదు. పొద్దున్నేగానీ, పొద్దు వాలేటప్పుడుగానీ వెలుతురు పక్కనుంచి పడేటట్టు చూసుకోండి. చీకటి పడ్డాకైతే టార్చిలైటును రాతికి ఆనించినట్టుగా పక్కనుంచి పట్టండి. గాట్లలో నీడ చేరి అక్షరం లేస్తుంది. సుద్దముక్కతో దిద్దకండి, ఇనప కుంచెతో రుద్దకండి, నీళ్ళు చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పక్కన ఒక స్కేలు పెట్టి మొత్తం రాయి ఒకటి, బొమ్మ ఒకటి, అక్షరాలు వరసవరసగా తీయండి. రాయి ఏ ఊళ్ళో, ఏ చెరువు దగ్గర, ఏ దిక్కుకు తిరిగి ఉందో రాయండి. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ రాయిని ఏ పేరుతో పిలుస్తారో, ఏ పండుగకు కొబ్బరికాయ కొడతారో అడిగి అదీ రాయండి. భారత పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది, కుప్పం విశ్వవిద్యాలయంలో భాషలు తెలిసిన ఆచార్యులున్నారు. వాళ్ళకు పంపండి. మీ ఊరి బడిలో పిల్లల చేత ఈ పని చేయిస్తే మరీ మంచిది. ఆ రాయిమీద ఉన్న మనిషి వాళ్ళ ఊరివాడే.